లండన్ పీట్రీ మ్యూజియం: ఎలా వెళ్ళాలి, ఏం చూడాలి, చూసిందాన్ని ఎలా చదవాలి

శిలాలేఖ (ఈ చర్చా దారం మొదలుపెట్టినవారు)

లండన్‌లో ఈజిప్టు అనగానే మనవాళ్ళంతా బ్రిటిష్ మ్యూజియానికే పరుగెడతారు. అక్కడికి పది పదిహేను నిమిషాల నడకలో యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఆవరణలోనే పీట్రీ మ్యూజియం ఉంది. ఈజిప్టు, సూడాన్‌ల నుంచి వచ్చిన 80 వేలకు పైగా వస్తువులున్న చోటు. బంగారు ముసుగులు, ఏనుగంత విగ్రహాలు ఉండవు. దువ్వెనలు, పూసలు, కుండలు, చెప్పులు, తూకపు రాళ్ళు, విరిగిన పలకలు ఉంటాయి. వాటిలో చాలావాటికి ఏ ఊళ్ళో, ఏ సమాధిలో, ఏ తవ్వకంలో దొరికిందో తెలుసు. ఈ మ్యూజియం విలువంతా అక్కడే ఉంది.

పుట్టుక సంగతి క్లుప్తంగా. 1882లో ఈజిప్టులో తవ్వకాలు జరిపే ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ అనే సంస్థ స్థాపనకు ముందు నిలిచిన రచయిత్రి అమీలియా ఎడ్వర్డ్స్ 1892లో చనిపోతూ తన సేకరణనూ, ఒక ప్రొఫెసర్ పదవికి సరిపడా డబ్బునూ ఈ కాలేజీకి రాసిచ్చారు. ఆ పదవిలో మొదట కూర్చున్నవాడు పురావస్తువేత్త ఫ్లిండర్స్ పీట్రీ. 1933 వరకు ఉన్నాడు. ఆయన సొంత సేకరణను కాలేజీ 1913లో కొన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో అన్నీ పెట్టెల్లో కట్టి దాచారు. యుద్ధం తర్వాత 1950లలో ఒక పాత గుర్రపుశాల భవనంలోకి తాత్కాలికంగా తెచ్చిపెట్టారు. ఆ తాత్కాలికమే ఇప్పటికీ నడుస్తోంది.

ఈ దారంలో దారి, సమయం, ఏ అర దగ్గర ఎంతసేపు నిలబడాలి, చూస్తున్నదాన్ని ఎలా చదవాలి అన్నవే రాద్దాం. తెలిసినవారు చేర్చండి, తప్పుంటే సరిచేయండి.

మజిలీ

దారి నాది. చిరునామా మాలెట్ ప్లేస్. టోరింగ్టన్ ప్లేస్ అనే వీధిలోంచి లోపలికి వెళ్ళే చిన్న దారి అది. గూజ్ స్ట్రీట్, యూస్టన్ స్క్వేర్, వారెన్ స్ట్రీట్, రస్సెల్ స్క్వేర్, ఏ ట్యూబ్ స్టేషన్‌లో దిగినా నడిచే దూరమే. చాలామంది చేసే పొరపాటు గోవర్ స్ట్రీట్ వైపున్న కాలేజీ పెద్ద గుమ్మటం దగ్గరికి వెళ్ళి అక్కడ మ్యూజియం వెతుక్కోవడం. అది ముందు ద్వారం, మ్యూజియం వెనక వైపు ఉంది. మాలెట్ ప్లేస్‌లోకి తిరిగితే సైన్స్ లైబ్రరీ కనిపిస్తుంది, దాన్ని ఆనుకునే దీని ప్రవేశం. మ్యూజియం పై అంతస్తులో ఉంటుంది.

ప్రవేశం ఉచితం. మామూలు వేళలు మంగళవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం 1 నుంచి 5, శనివారం 11 నుంచి 5. ఆది, సోమ సెలవు. ఇది యూనివర్సిటీ మ్యూజియం కాబట్టి క్రిస్మస్, ఈస్టర్ సెలవుల్లో మూసేస్తారు. ఆ రోజు ఉదయమే వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. పొద్దున 10 గంటలకు బ్రిటిష్ మ్యూజియంలో మొదలుపెట్టి, భోజనం చేసి, 1 గంటకు ఇక్కడికి చేరితే సరిగ్గా సరిపోతుంది. వరస తిప్పితే కుదరదు, శనివారం తప్ప పొద్దున ఇది తెరిచి ఉండదు.

లోపల నడవాలు ఇరుకు. వీపు సంచి ముందుకు వేసుకోండి, లేదా బయటే పెట్టించండి. తోపుడు బండిలో పసిపిల్లలు ఉన్నా, మెట్లు ఎక్కలేనివారున్నా ముందురోజే ఫోన్ చేసి లిఫ్ట్ సంగతి కనుక్కోండి.

నల్లరేగడి

కుండల గది గురించి. చాలామంది ఆ గదిని రెండు నిమిషాల్లో దాటేస్తారు, ఎందుకంటే వరసల వరసల కుండలే కనిపిస్తాయి. ఈజిప్టు చరిత్ర పూర్వకాలానికి కాలక్రమం పుట్టింది మాత్రం అలాంటి కుండల నుంచే. కనీసం అరగంట పెట్టండి.

ముందు మట్టి చూడండి. రెండు రకాలు. నైలు ఒండ్రు కాలిస్తే ఎరుపు, గోధుమ రంగుకు వస్తుంది. ఎడారి అంచున దొరికే సున్నపు మట్టి కాలిస్తే లేత పసుపు, ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయ. ఎర్ర కుండ, పాలిపోయిన కుండ పక్కపక్కన ఉంటే తేడా రంగు పూయడం వల్ల కాదు, మట్టి వల్ల.

తర్వాత నల్లమూతి కుండలు. ఒళ్ళంతా నున్నటి ఎరుపు, పై అంచు నిగనిగలాడే నలుపు. ఎర్రమన్ను పూత పూసి, ఆరుతుండగా గులకరాయితో రుద్ది మెరుగు పెడతారు. కాల్చేటప్పుడు మూతి భాగానికి గాలి అందకుండా చేస్తారు, బోర్లించి బూడిదలో, ఊకలో కూర్చోబెట్టడం ఒక పద్ధతి. గాలి అందిన చోట ఇనుము ఎర్రబడుతుంది, అందని చోట పొగ కార్బన్ పట్టి నల్లబడుతుంది. ఒకే కాల్పులో వచ్చిందా, కాల్చాక మళ్ళీ మూతిని పొగబెట్టారా అన్నదాని మీద నిపుణుల్లో రెండు వాదాలున్నాయి. అద్దంలోంచి చూసేటప్పుడు ఎరుపు నలుపు కలిసే గీతను గమనించండి. అది తిన్నగా ఉండదు, అలలాగా ఉంటుంది. బూడిద ఎక్కడివరకు ఉందో ఆ గీతే చెబుతుంది.

తెలంగాణ, ఆంధ్రలో రాకాసి గూళ్ళ తవ్వకాల్లో వచ్చే నలుపు ఎరుపు కుండలు చూసినవారికి ఇది వెంటనే తట్టుతుంది. సూత్రం ఒకటే. సంబంధం మాత్రం లేదు. ఇవి క్రీ.పూ. 4వ సహస్రాబ్దివీ, అంతకు ముందువీ. మనవి ఇనుప యుగానివి.

కొత్తసభ్యుడు_27

నల్లరేగడి గారూ, అక్కడి లేబుళ్ళ మీద ఎస్‌డీ అని పక్కన ఒక అంకె కనిపిస్తుంది. అది సంవత్సరమా?

నల్లరేగడి

కాదు తమ్ముడూ. అలా అనుకోవడమే అందరూ చేసే తప్పు. ఎస్‌డీ అంటే సీక్వెన్స్ డేట్, అంటే వరసలో స్థానం. 40 తర్వాత 41 వస్తుందని మాత్రమే చెబుతుంది. 40కీ 41కీ మధ్య ఎన్నేళ్ళో చెప్పదు. 60కీ 61కీ మధ్య అంతే కాలం ఉండాలని కూడా లేదు.

1894-95లో ఎగువ ఈజిప్టులోని నఖాదా అనే చోట పీట్రీ బృందం రెండు వేలకు పైగా సమాధులు తవ్వింది. రాజుల పేర్లు లేవు, రాత లేదు. ఏది ముందో ఏది వెనకో ఎలా తేల్చాలి? సమాధికో అట్ట చీటీ చేశాడు. ఏడు అంగుళాల పొడవు. కుండల్ని తొమ్మిది తరగతులుగా విడగొట్టి, ప్రతి చీటీ మీద ఆ సమాధిలో ఏ తరగతిలో ఏ రకం దొరికిందో గళ్ళలో రాశాడు. తగినన్ని రకాలున్న 900 సమాధులే తీసుకున్నాడు. ఇక చీటీల్ని అటూ ఇటూ జరుపుతూ పోవడమే. ఒకే రకం కుండ ఉన్న చీటీలు వీలైనంత దగ్గరగా చేరాలి, ఏ రకమూ వరసలో ఒక చివర కనిపించి, మాయమై, మళ్ళీ ఇంకో చివర తేలకూడదు.

పట్టు దొరికింది అలల పిడి కుండలతో. మ్యూజియంలో వీటిని వరసగా చూడొచ్చు. మొదట బొద్దు పొట్ట, రెండు పక్కలా చేత్తో పట్టుకోగలిగిన అలల పిడి. తర్వాత పొట్ట సన్నబడుతుంది, పిడి అరిగిపోయి చేతికి పట్టనంత చిన్నదవుతుంది. చివరికి కుండ నిలువు గొట్టంలా మారి, పిడి కాస్తా చుట్టూ గీసిన గీతగా మిగులుతుంది. పనికొచ్చే పిడి మొదట, పనికిరాని అలంకారం చివర. వరసకు దిశ ఇచ్చింది అదే. ఆ అరముందు నిలబడి ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చూడండి. రెండోసారి చూస్తే కథ అర్థం లేకుండా పోతుంది.

వరసకు 30 నుంచి 80 దాకా అంకెలేశాడు. 1 నుంచి 29 ఎందుకు వదిలాడు? ఇంకా పాతవి దొరికితే ఉండనీ అని. 1920లలో పురావస్తువేత్తలు బ్రంటన్, కేటన్-థాంప్సన్ నఖాదా కన్నా పాతదైన బదారి సంస్కృతిని బయటపెట్టినప్పుడు ఆ ఖాళీయే పనికొచ్చింది.

శిలాలేఖ

దీనికి ఒక చేర్పు అవసరం. వరస సరిగ్గా కట్టినవాడే మొదట కాలాన్ని తప్పుగా చెప్పాడు. నఖాదా సమాధుల్ని పీట్రీ మొదట బయటి నుంచి వచ్చిన కొత్త జాతివని, పిరమిడ్లు కట్టిన పాత రాజ్యం పడిపోయాక వచ్చినవారివని రాశాడు. ఫ్రెంచి పురావస్తువేత్త జాక్ ద మోర్గాన్ అవి చరిత్ర పూర్వకాలానివని చెప్పాడు. పీట్రీ తర్వాత ఒప్పుకోక తప్పలేదు. పాత ప్రచురణలు తిరగేసేటప్పుడు కొత్త జాతి అన్న మాట కనిపిస్తే దాన్ని ఇప్పటి అభిప్రాయంగా తీసుకోకండి.

రాశిగణితం

సీక్వెన్స్ డేటింగ్‌లో లొసుగులు కూడా చెప్పాలి. తొమ్మిది తరగతుల్లో కొన్ని మట్టిని బట్టి, కొన్ని అలంకారాన్ని బట్టి, ఒకటేమో కాలాన్ని బట్టి. లేట్ (చివరి కాలపుది) అనే తరగతి పేరులోనే కాలం ఉంది. కాలం కనుక్కోవడానికి వాడే పరికరంలో ముందే కాలం దూర్చినట్టు. ఇంకొకటి, ఒక శ్మశానంలో ఏ సమాధి పక్కన ఏది ఉందన్న విషయం పీట్రీ వాడుకోలేదు. 1957లో జర్మన్ పురావస్తువేత్త వెర్నర్ కైజర్ ఈజిప్టులోని అర్మాంత్ శ్మశానంలో కుండలు ఏ దిక్కుకు ఎలా మారుతూ పోయాయో పరిచి చూసి దశలను కొత్తగా కట్టాడు. ఇప్పుడు వాడే నఖాదా 1, 2, 3 విభజన ఆ దారిలో వచ్చిందే.

అయినా చేత్తో, అట్ట ముక్కలతో చేసిన పని అది. డేవిడ్ కెండల్ వంటి గణితవేత్తలు ఆ తర్వాత దాన్ని కంప్యూటర్ లెక్కగా మార్చారు. సీరియేషన్, అంటే ఇలా పోలికను బట్టి వరస కట్టడం, నేర్చుకునే విద్యార్థి ఎవరైనా ఈ గదిలో గంట గడపాలి.

దారపుకండె

బట్టలు చూడకుండా వచ్చేయకండి. తార్ఖాన్ చొక్కా. 1977లో దొరికింది, నేసిన దుస్తుల్లో ప్రపంచంలోనే అతి పాతది.

శిలాలేఖ

దారపుకండె గారూ, చిన్న సవరణ. దొరికింది 1913లో. కైరోకు దాదాపు 50 కిలోమీటర్ల దక్షిణాన తార్ఖాన్‌లో 2050 నంబరు మస్తబా (చదును కప్పు దిబ్బలాంటి) సమాధి దగ్గర పీట్రీ బృందం మురికి గుడ్డల కుప్ప ఒకటి తీసింది. కుప్పను కుప్పగానే ఉంచేశారు. 1977లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సంరక్షకులు శుభ్రం చేస్తుంటే అందులోంచి చొక్కా బయటపడింది. 64 ఏళ్ళు కళ్ళముందే ఉండి కనపడలేదు.

దారపుకండె

సరే, ఒప్పుకుంటున్నాను. సంవత్సరాలు రెండూ గుర్తుపెట్టుకోవాల్సినవే.

ఇప్పుడు దగ్గరగా చూద్దాం. యూసీ 28614బీ దాని నంబరు. అవిసె నార బట్ట. సెంటీమీటరుకు పడుగు 22-23 పోగులు, పేక 13-14 పోగులు. చేతులకూ భుజాల పట్టీకీ సన్నటి మడతలు, కుచ్చిళ్ళలాగా కత్తితో గీసినట్టు. మెడ కోసుగా ఉంటుంది. కింది భాగం పోయింది కాబట్టి ఎంత పొడవుండేదో తెలియదు, మోకాళ్ళ దాకానో ఇంకా కిందికో.

చూడాల్సిన చోటు మోచేతి వంపు, చంక. అక్కడ నలిగిన ముడతలున్నాయి. అవి మడత పెట్టినప్పుడు వచ్చినవి కావు, ఒంటి మీద ఉండగా వచ్చినవి. దొరికినప్పుడు చొక్కా లోపలి వైపు బయటికి తిరిగి ఉంది, తల మీంచి లాగి విప్పినట్టు. అంటే శవానికి చుట్టడానికి నేసిన కొత్త బట్ట కాదు, బతికున్న మనిషి తొడుక్కున్నది. కాలం కోసం 2015లో నార ముక్కకు రేడియోకార్బన్ పరీక్ష చేశారు. క్రీ.పూ. 3482-3102 మధ్య, 95 శాతం సంభావ్యతతో. అంతకు ముందు దాన్ని మొదటి రాజవంశం కాలానిదని చుట్టూ ఉన్న వస్తువుల్ని బట్టి అనుకున్నారు. పరీక్ష దాన్ని ఆ వంశపు తొలి రోజులకో, ఇంకా ముందుకో జరిపింది.

నేత తెలిసినవారు దారం మెలిక కూడా చూడాలి. ఈజిప్టు నార దారం ఎడమ మెలిక, ఆంగ్ల ఎస్ అక్షరం నడుము వాలినట్టు వాలుతుంది. మన దేశపు చేతి వడుకు నూలు సాధారణంగా కుడి మెలిక, జెడ్ అక్షరం వాలు. ఎర్రసముద్రపు రేవు బెరెనికేలో దొరికిన నూలు గుడ్డల్లో ఏవి భారతదేశం నుంచి వచ్చాయో గుర్తుపట్టడానికి నిపుణులు పట్టుకున్న ఆనవాళ్ళలో ఇదొకటి. మంగళగిరి, పోచంపల్లి మగ్గాలు చూసిన కంటికి ఈ తేడా ఒకసారి చెబితే చాలు, ఇక మరిచిపోదు.

పూసల వల దుస్తు రెండోది. కావ్ అనే చోట బ్రంటన్ 1923-24లో తవ్వింది, ఐదో రాజవంశం కాలం. పూసలు దొరికాయి, దారం మట్టిలో కలిసిపోయింది. అంటే మనం చూసే అల్లిక నేటి సంరక్షకులు సమాధి బొమ్మల్ని, పూసల లెక్కను చూసి కూర్చినది. పూసలు పాతవి, అమరిక అంచనా. రెండూ కలిపి చూడకూడదు. అంచున వేలాడే గవ్వలు గమనించండి. వాటిలో చిన్న రాళ్ళు బిగించి ఉన్నాయి, కదిలితే గలగలలాడేలా. గజ్జెల చప్పుడు తెలిసినవారికి అది ఎందుకో చెప్పక్కర్లేదు.

కొలిమి

ఇనుప పూసలు ఎవరూ ఎత్తలేదు. గెర్జే అనే చోట 1911లో తవ్విన రెండు సమాధుల్లో తొమ్మిది ఇనుప పూసలు దొరికాయి. వాటిలో మూడు ఇక్కడున్నాయి. కాలం క్రీ.పూ. 3200 ప్రాంతం. చూడ్డానికి నల్లటి తుప్పు గొట్టాలు, రెండు సెంటీమీటర్లకు మించవు. లేబుల్ చదవకపోతే కళ్ళు దాటిపోతాయి. వాటితో పాటు అదే దండలో బంగారం, నీలిరంగు లాపిస్ లాజులి, ఎర్రటి కార్నీలియన్ రాళ్ళు ఉన్నాయి. లాపిస్ అఫ్గానిస్తాన్‌లోని బదఖ్‌షాన్ నుంచి వచ్చే రాయి. అంత విలువైన దండలో ఇనుముకు చోటిచ్చారంటే అప్పట్లో దాని స్థాయి ఏమిటో ఆలోచించండి.

ఆ కాలంలో ఈజిప్టులో ఇనుము కరిగించడం లేదు. ఖనిజం నుంచి ఇనుము తీయడం అక్కడ మామూలయ్యేసరికి ఇంకా రెండు వేల ఏళ్ళు పైనే పడుతుంది. ఇది ఆకాశం నుంచి పడిన ఉల్క ఇనుము. ఆనవాలు నికెల్. పాత విశ్లేషణలో 7.5 శాతం నికెల్ కనిపించింది. తర్వాత కొందరు అనుమానించారు. ఎందుకంటే తుప్పు పట్టేటప్పుడు నికెల్ పైపొర నుంచి కొట్టుకుపోతుంది, కాబట్టి పైపైన కొలిచే పరికరం తక్కువ చూపిస్తుంది. పూసలు లోపలిదాకా పూర్తిగా తుప్పు. కోసి చూడ్డం కుదరదు. 2013లో ప్రచురించిన అధ్యయనంలో వాటిని బుడాపెస్ట్ తీసుకెళ్ళి న్యూట్రాన్ కిరణాలతో లోపలిదాకా చూశారు. నికెల్, కోబాల్ట్, ఫాస్ఫరస్, జెర్మేనియం నాలుగూ తేలాయి. ఉల్కేనని ఖాయమైంది.

ఇంకో సంగతి తయారీ. పోత పోయలేదు, రంధ్రం తొలవలేదు. సుత్తితో కొట్టి పల్చటి రేకు చేసి గొట్టంలా చుట్టారు. రాయి పూసకు తొలవడం అలవాటైన పనివాడు ఈ కొత్త పదార్థానికి వేరే పద్ధతి కావాలని గ్రహించాడు. ఉల్క ఇనుము గట్టిది, పెళుసుది. వేడి చేసి కొట్టి, మళ్ళీ వేడి చేసి కొట్టాలి. లేకపోతే రేకు చీలుతుంది.

మజిలీ

వెలుతురు సంగతి ఎవరో ఒకరు అడుగుతారని నేనే రాస్తున్నా. లోపల మసక. కావాలనే. బట్టలకు, పాపిరస్‌కు, రంగులకు 50 లక్స్ (వెలుతురు కొలత) మించి పడకూడదన్నది సంరక్షకుల నియమం. కళ్ళు అలవాటు పడటానికి ఐదు నిమిషాలు ఇవ్వండి.

టార్చి వాడొచ్చా అంటే, రాళ్ళకూ కుండలకూ సిబ్బందిని అడిగి వాడొచ్చు. బట్టల మీద, పాపిరస్ మీద, మమ్మీ చిత్రాల మీద వెయ్యకండి. టార్చి ఎదురుగా పట్టుకుంటే అద్దంలో మెరుపే కనిపిస్తుంది. అరకు ఒక పక్కన ఆనించి ఏటవాలుగా పడనివ్వండి. ముఖ్యంగా చెకుముకి కత్తుల దగ్గర. చరిత్ర పూర్వకాలపు అలల చెక్కుడు కత్తులున్నాయి. ఒక ముఖం నున్నగా అరగదీసి, ఆ తర్వాత ఒకదాని పక్కన ఒకటి సమానంగా పెచ్చులు తీసుకుంటూ పోయినవి. నేరుగా చూస్తే చదునుగా ఉంటుంది, పక్క వెలుతురు పడగానే అల లేస్తుంది.

ఫోటోలకు ఫ్లాష్ వద్దు. ఫోన్‌ను అద్దానికి పూర్తిగా ఆనించి, చుట్టూ చేతితో గానీ నల్ల గుడ్డతో గానీ మూస్తే ప్రతిబింబం పోతుంది. ప్రతి వస్తువుకు రెండు ఫోటోలు తియ్యండి, ఒకటి వస్తువు, రెండోది లేబుల్. లేబుల్ లేని ఫోటో ఇంటికొచ్చాక పనికిరాదు. మానవ అవశేషాల ఫోటోలు తీసేముందు అడగండి, అడక్కుండా పోస్టు చేయకండి.

శిలాలేఖ

లేబుల్ చదవడం గురించి. యూసీ తర్వాత అంకె ఈ మ్యూజియం నంబరు. అది ఆన్‌లైన్ కేటలాగ్‌లో కొడితే వస్తువు పేజీ వస్తుంది. అయితే అసలు కీలకం ఆ నంబరు కాదు, సమాధి నంబరు. కుండల ఒంటి మీద సిరాతోనో పెన్సిల్‌తోనో చిన్న అంకెలు రాసి ఉంటాయి. మెడ దగ్గర, అడుగున, కొన్ని చోట్ల పొట్ట మీదే. అవి తవ్విన రోజుల్లో తవ్విన చోటే రాసినవి. డియోస్పోలిస్ పర్వా అనే చోటి తవ్వకాల్లో శ్మశానానికో అక్షరం, సమాధికో అంకె. నేటి సంరక్షకులు ఆ గీతల్ని కడగరు. అవి చెరిగితే కుండ మిగులుతుంది, సమాచారం పోతుంది.

సమాధి నంబరు దొరికితే పీట్రీ ప్రచురించిన తవ్వకం పుస్తకంలోని పట్టిక తెరవండి, ఆ పాత సంపుటాలు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అదే సమాధిలో ఇంకేం దొరికాయో తెలుస్తుంది. కుండ ఇక్కడ, పూసలు మాంచెస్టర్‌లో, గిన్నె ఇంకెక్కడో ఉండొచ్చు. ఆ రోజుల్లో ఈజిప్టు ప్రభుత్వం తన వాటా తీసుకున్నాక మిగిలినవి తవ్వకానికి డబ్బిచ్చిన మ్యూజియాలకు పంచేవారు. ఒకే సమాధి నాలుగైదు ఊళ్ళకు చీలిపోయింది. ఆ పంపకాన్ని తర్వాత బిగించి, 1983 చట్టంతో పురావస్తువుల ఎగుమతి, వ్యాపారం పూర్తిగా ఆపేశారు.

ఇంకొకటి. లేబుల్ మీద ‘కొన్నది’ అని ఉంటే దాన్ని తవ్వకపు వస్తువుతో సమానంగా తూచకండి. పీట్రీ కైరో బజార్లలో కూడా కొనేవాడు. మందుల వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ సేకరణ నుంచి కూడా తర్వాతి కాలంలో ఇక్కడికి వస్తువులు చేరాయి. అవి అందంగా ఉంటాయి, కానీ పక్కన ఏముందో చెప్పలేవు.

పాతబస్తీ

ఈ చివరి మాట హైదరాబాద్‌వాళ్ళకు బాగా అర్థమవుతుంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలంగాణ రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది కదా. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ద్వారా మ్యూజియానికి వచ్చింది. అది కొని తెచ్చింది, తవ్వకపు వాటాగా వచ్చింది కాదు. 2016లో దానికి ఆక్సిజన్ చొరబడని పెట్టె చేయించి పరిరక్షించారు. ముందు దాన్ని చూసి, తర్వాత లండన్‌లో ఒక మామూలు కుండ ఒంటి మీది సమాధి నంబరు చూస్తే, ఒక వస్తువుకు దొరికిన చోటు ఎంత అవసరమో తేడా చెయ్యి పట్టుకుని చూపించినట్టుంటుంది. హైదరాబాద్ నుంచి వెళ్ళేవారు ఈ వరసలో చూస్తే మంచిది.

కృష్ణాతీరం

పీట్రీ గురించి మంచే రాస్తున్నారు. జాతి సిద్ధాంతాల సంగతి కూడా రాయాలి. ఫ్రాన్సిస్ గాల్టన్ కోసం ఈజిప్టు గోడల మీది ముఖాలను ఫోటోలు తీసి 1887లో జాతుల పట్టికగా ఇచ్చినవాడు ఆయనే. గాల్టన్ యూజెనిక్స్‌కు, అంటే మేలైన మనుషుల్నే పుట్టించాలనే వాదానికి, ఆ పేరు పెట్టినవాడు. ఆ కాలేజీలోనే ఆ విషయానికి ప్రయోగశాల నడిచింది. మ్యూజియంలో ఈజిప్టు పాత రాజధాని మెంఫిస్‌లో దొరికిన తలలు చూడండి. చిన్న కాల్చిన మట్టి తలలు. పీట్రీ వాటి ముక్కు, టోపీ, గడ్డం చూసి ఇది పర్షియన్, ఇది సుమేరియన్, ఇది ఇండియన్ అని పేర్లు పెట్టాడు. ఇండియన్ అన్న బొమ్మలు ఉన్నాయి కదా అని మనవాళ్ళు సంబరపడి షేర్ చేస్తుంటారు. దానికి ఆధారం ఆయన కంటి అంచనా తప్ప ఇంకేమీ లేదు. బొమ్మ నిజమైనదే. పేరు నమ్మదగినది కాదు.

నల్లరేగడి

పూర్తిగా ఒప్పుకుంటాను. తవ్విన కూలీల మాట కూడా చేర్చాలి. కుఫ్త్ అనే ఊరివాళ్ళను పీట్రీ తర్ఫీదు ఇచ్చి తీసుకెళ్ళేవాడు. వాళ్ళ సంతతి తరతరాలుగా తవ్వకాల్లో మేస్త్రీలుగా ఉన్నారు, కుఫ్తీలు అనే మాటే ఆ వృత్తికి పేరయింది. అలీ సూఎఫీ అనే పనివాడి పేరు పీట్రీ కాగితాల్లో పదే పదే వస్తుంది. ఎవరికి ఏం దొరికితే దానికి బజారు ధరకు దగ్గరగా బక్షీష్ ఇచ్చేవాడు. దయతో కాదు, చిన్న వస్తువు దొంగ బజారుకు జారకుండా ఉండటానికి. మ్యూజియంలో అంత చిన్న చిన్న పూసలు, పలకలు ఎందుకున్నాయో దానికి ఒక కారణం ఆ చెల్లింపే.

కొత్తసభ్యుడు_27

పదేళ్ళ పిల్లలతో వెళ్తే ఎక్కడ మొదలుపెట్టాలి? గంటకు మించి ఆగరు.

దారపుకండె

పూసల వలతో మొదలుపెట్టండి. పది, పన్నెండేళ్ళ అమ్మాయికి సరిపోయే కొలత అది, పిల్లలు వెంటనే పట్టుకుంటారు. తర్వాత అమర్నా అచ్చులు. ఫారో అఖెనాతెన్ రాజధాని అది. పీట్రీ 1891-92లో తవ్వాడు, తర్వాత టుటన్‌ఖామున్ సమాధి కనుక్కున్న హోవార్డ్ కార్టర్ పదిహేడేళ్ళప్పుడు పని నేర్చుకున్నది అక్కడే. కాల్చిన మట్టి అచ్చులో ద్రాక్షగుత్తి, పువ్వు, కన్ను గుంటగా ఉంటాయి. పక్కన అలాంటి నీలం పూస ఉంటే ఏ అచ్చులోంచి ఏది వచ్చిందో జత కలపమనండి. ఆ నీలం పదార్థం గాజు కాదు, మట్టీ కాదు. పలుగురాయి పొడికి కాస్త సున్నం, క్షారం, రాగి కలిపిన ముద్ద. ఆరేటప్పుడు క్షారం పైకి ఉబికి పొరకడుతుంది, కాల్చినప్పుడు ఆ పొరే మెరుస్తుంది. ఉప్పు నేల ఎండితే తెల్లగా పొర కట్టినట్టే.

చివర్లో హవారా అనే చోట దొరికిన మమ్మీ చిత్రాలు. చెక్క పలక మీద మైనంలో కలిపిన రంగులతో వేసిన ముఖాలు, రోమన్ కాలానివి. దగ్గర్నుంచి చూస్తే కుంచె గీతలు, గట్టి పరికరంతో మైనాన్ని తోసిన గుర్తులు కనిపిస్తాయి. రంగు ఊడిపోకుండా పీట్రీ తవ్విన చోటే వాటి మీద మైనం పోశాడు. అప్పటికి అది కాపాడింది, ఇప్పుడు కొన్నిటి మీద ముదురు పొరగా కూర్చుంది. కాబట్టి రంగు మసకగా ఉంటే చిత్రకారుణ్ణి అనకండి.

రాశిగణితం

తూకపు రాళ్ళు మరిచారు. పీట్రీకి కొలతలంటే ప్రాణం, మొదట ఈజిప్టు వెళ్ళింది 1880లో గీజా పిరమిడ్‌ను కొలవడానికే. కొత్త రాజ్యం కాలంలో ఒక దెబెన్ సుమారు 91 గ్రాములు, అందులో పదో వంతు ఖెదెత్. నున్నటి రాళ్ళు, కొన్నిటి అంచు పెచ్చు లేచింది. పెచ్చు లేచిన రాయి బరువు తక్కువ చూపిస్తుంది కాబట్టి పోయిన ముక్కను లెక్కగట్టి కలుపుకుని చూడాలి. పిల్లలకు ఇది కూడా నచ్చుతుంది.

నల్లరేగడి

పరిశోధన కోసం వెళ్ళేవారికి ఒక్క విషయం. అరల్లో కనిపించేది మొత్తంలో కొద్ది భాగం. మిగతాది చేతిలోకి తీసుకుని చూడాలంటే వారాల ముందే మెయిల్ రాసి సమయం తీసుకోవాలి. మెయిల్‌లో కుండలు చూడాలి అని రాస్తే ఆలస్యమవుతుంది. యూసీ నంబర్లు, సమాధి నంబర్లు, ఏం కొలుస్తారో, ఫోటో తీస్తారా, ఇవన్నీ రాయండి. ఒక్క పూట పది పదిహేను కుండలకు మించి సరిగా గీయలేరు, అంతే అడగండి. వెంట పెన్సిల్, అంచు మందం కొలిచే కాలిపర్, మూతి వ్యాసానికి వృత్తాల పటం తీసుకెళ్ళండి. పెన్నులు లోపలికి రానివ్వరు.

కొత్తసభ్యుడు_27

వృత్తాల పటం అంటే?

నల్లరేగడి

కాగితం మీద ఒకే కేంద్రం చుట్టూ అర సెంటీమీటరు తేడాతో గీసిన వృత్తాలు. విరిగిన మూతి పెంకును బోర్లించి, అంచు పూర్తిగా కాగితానికి ఆనేలా పట్టుకుని, ఏ వృత్తానికి సరిపోతుందో చూస్తే మొత్తం కుండ మూతి వ్యాసం వస్తుంది. పెంకు వంపు పూర్తి వృత్తంలో అయిదు శాతం కన్నా తక్కువ ఉంటే వచ్చే అంకెను నమ్మకండి, చుక్క గీతతో గీయండి. తెలంగాణలోని కొండాపూర్ తవ్వకపు పెంకులకైనా, నఖాదా పెంకులకైనా పటం అదే.

మజిలీ

వెళ్ళేముందు చివరిగా ఒకటి. అదే కాలేజీకి గోవర్ స్ట్రీట్ మూలన గ్రాంట్ జంతుశాస్త్ర మ్యూజియం ఉంది, అదీ ఉచితమే. రెండూ ఒకే మధ్యాహ్నం చూడాలనుకుంటే పీట్రీ ముందు పెట్టుకోండి. కుండల గదికి అలిసిపోని కళ్ళు కావాలి.